ఎఫ్‌డీ బద్దలుకొట్టి స్పెయిన్ బీచ్‌కి వెళ్ళొద్దు

ప్రశ్న: నా వయసు 37. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 92,000. భార్య ఉద్యోగం చేయడం లేదు. పిల్లలకి 9 ఏళ్ళు, 5 ఏళ్ళు. నెలకి ఇంటి లోన్ ఈఎంఐ 31,000 (ఇంకా 28 లక్షలు బాకీ), కారు ఈఎంఐ 9,500 (మరో 7 నెలల్లో అయిపోతుంది), స్కూలు ఫీజులు నెలవారీ లెక్కన 11,000, ఇంటి ఖర్చులు 24,000, ఊళ్ళో అమ్మానాన్నలకి పంపేది 6,000. ఏటా ఏప్రిల్‌లో 1.2 లక్షల బోనస్ వస్తుంది. ఆఫీసు వాళ్ళ హెల్త్ ఇన్సూరెన్స్ 3 లక్షలుంది. ఈ మే సెలవుల్లో పిల్లల్ని స్పెయిన్‌లోని బెనిడోర్మ్ బీచ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఖర్చు 5.4 లక్షలు. బ్యాంకులో ఊరికే పడి ఉన్న 2.5 లక్షల ఎఫ్‌డీ తీసేసి, మిగతాదానికి 14 శాతం వడ్డీతో మూడేళ్ళకి 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుందామని ఆలోచన. ఏజెంటుకి 25,000 అడ్వాన్సు కట్టాను. పర్సనల్ లోన్ మంచిదా, గోల్డ్ లోన్ మంచిదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండూ వద్దు. విహారయాత్రకి అప్పు చేయడమే తప్పు. అది ఏ రకం అప్పు అనేది తర్వాతి సంగతి. కానీ మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందుక్కాదు, అందులో ఉన్న ‘ఊరికే పడి ఉన్న ఎఫ్‌డీ’ అనే మాట కోసం. ఇలా రాసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ 2.5 లక్షలు ఊరికే పడి లేవు. మీ ఇంట్లో కాపలా కాస్తున్నది అదొక్కటే. దాన్ని కూడా విమానం ఎక్కిస్తానంటున్నారు.

మీరిచ్చిన అంకెల్నే కూడితే నెల ఖర్చు 81,500. మిగిలేది 10,500. మూడు లక్షల లోన్‌కి 14 శాతం మీద 36 నెలల ఈఎంఐ 10,253 రూపాయలు. అంటే కారు లోన్ తీరేదాకా నెలాఖరుకి మీ చేతిలో మిగిలేది 247 రూపాయలు. గ్యాస్ సిలిండర్ ధర పెరిగినా, స్కూలు వాళ్ళు యూనిఫాం మార్చినా ఆ నెల క్రెడిట్ కార్డు గీకాల్సిందే. కార్డు బాకీ పూర్తిగా కట్టలేకపోతే దాని మీద వడ్డీ నెలకి 3 శాతం పైనే. ఆ లోన్ తీరేలోపు వడ్డీ కింద 69,000 పైచిలుకు కడతారు. రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 7,080 డబ్బు చేతికి రాకముందే కోసేసుకుంటారు. కలిపితే 76,000. వారం రోజుల సరదాకి మూడేళ్ళు కట్టే కిస్తీ ఇది. ఏడో నెలలో కారు లోన్ తీరిపోతుంది కదా అంటారేమో, అప్పటిదాకా ఏమీ జరగదని మీకెవరు చెప్పారు?

జరిగేది ఏమిటో చెబుతాను. మీ ఇంట్లో సంపాదించేది ఒక్కరే. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా ఆ ఉద్యోగం ఇచ్చినదే. ఉద్యోగం పోతే జీతంతోపాటు ఆ పాలసీ కూడా పోతుంది. నోటీసు పీరియడ్ ముగిసిన మర్నాడు పిల్లాడిని డెంగీతో ఆసుపత్రిలో చేరిస్తే ఆ ఇన్సూరెన్స్ కార్డు ఎందుకూ పనికిరాదు. ఎఫ్‌డీ లేదు. ఇంటి లోన్ 31,000, కారు 9,500, పర్సనల్ లోన్ 10,253, మూడూ కలిపి 50,753 ఈఎంఐలు మాత్రం తేదీ తప్పకుండా వస్తాయి. మీ జీతంలో అది 55 శాతం. ఒక్క ఈఎంఐ బౌన్స్ అయినా బ్యాంకు ఛార్జీ, లోన్ ఇచ్చినవాళ్ళ పెనాల్టీ రెండూ పడతాయి, క్రెడిట్ స్కోరు దిగుతుంది. ఆపైన కొత్త అప్పు పుట్టేది ఎక్కువ వడ్డీకే.

కాబట్టి బెనిడోర్మ్ కంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. మొదటిది ఎమర్జెన్సీ ఫండ్. మీలా ఒకే జీతం మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. కష్టకాలంలో కొంత తగ్గించుకుంటారనుకుని నెలకి 75,000 చొప్పున వేసినా 4.5 లక్షలు. మీ ఎఫ్‌డీ అందులో సగం పైచిలుకు. ఇంకా 2 లక్షలు కావాలి. ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఎఫ్‌డీలో ఉంచండి. మొత్తం ఒకే ఎఫ్‌డీగా కాకుండా 50,000 చొప్పున ముక్కలుగా వేస్తే, అవసరమైనప్పుడు ఒక ముక్క మాత్రమే విరగ్గొట్టొచ్చు. ముందుగా తీసినందుకు పడే కోత కూడా ఆ ముక్క మీదే పడుతుంది.

రెండోది టర్మ్ ఇన్సూరెన్స్, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్ళకి డబ్బు వచ్చే జీవిత బీమా. ఉత్తరం మొత్తంలో దాని ఊసే లేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. 28 లక్షల ఇంటి బాకీ ఉంది, ఉద్యోగం లేని భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు. ఒకటిన్నర కోటి కవర్ తీసుకోండి. నెలకి దాదాపు 2,000 అవుతుంది. ప్రపోజల్ ఫారంలో బీపీ, షుగర్, సిగరెట్టు అలవాటు ఏదున్నా దాచకండి. క్లెయిము దగ్గర గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. మూడోది మీ నలుగురికీ 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ), ఆఫీసు పాలసీతో సంబంధం లేకుండా. ఇది కూడా నెలకి మరో 2,000 అనుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు, కాబట్టి ‘ట్యాక్సే 18 శాతం’ అనే సాకు కూడా పోయింది. అమ్మానాన్నలకి విడిగా సీనియర్ పాలసీ చూడండి. వాళ్ళని ఫ్లోటర్‌లో కలిపితే పెద్దవాళ్ళ వయసుని బట్టి మొత్తం ప్రీమియం పెరుగుతుంది.

ఇక మీరడిగిన గోల్డ్ లోన్: వడ్డీ తక్కువే, కానీ కట్టలేకపోతే వేలానికి పోయేది మీ ఆవిడ నగలు. పీఎఫ్‌లో డబ్బు జోలికి బీచ్ కోసం వెళ్ళకండి. ఏజెంటు చెప్పే నో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, మీకు రావాల్సిన డిస్కౌంటు మాయమవుతుంది, వడ్డీ భాగం మీద జీఎస్టీ పడుతుంది.

ఇదంతా వెళ్ళొద్దని చెప్పడానికి కాదు. ఎప్పుడు వెళ్ళగలరో చూద్దాం. రెండు ప్రీమియంలూ పోగా నెలకి 6,500 మిగులుతుంది. ఏడు నెలల్లో 45,500, ఏప్రిల్ బోనస్ 1.2 లక్షలు, కారు లోన్ తీరాక నెలకి 16,000 చొప్పున రెండు నెలలు. తొమ్మిది నెలల్లో ఆ 2 లక్షలు దాదాపుగా నిండుతాయి. అంటే ఈ దసరాకి ఎమర్జెన్సీ ఫండ్ పూర్తి. ఆ మర్నెల నుంచి 16,000కి ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టి బోనస్ కూడా అందులోకే మళ్ళిస్తే వచ్చే దసరాకి 3.12 లక్షలు, ఆపై దసరాకి వడ్డీ కాకుండానే 6.24 లక్షలు. టికెట్లు కొనాల్సిన ఆ ఏడాది ఏప్రిల్‌కే చేతిలో 5.28 లక్షలుంటాయి. మీ బెనిడోర్మ్ ప్రయాణం ఆ మూడో దసరాకి. జీతం పెరిగితే ఇంకా ముందుకి జరుగుతుంది. పెద్దవాడికి 12 నిండితే టికెట్ ఎక్కువవుతుందని ఏజెంటు తొందరపెడతాడు. నిజమే, విమానంలో పన్నెండు నిండితే పెద్దల ఛార్జీయే. కానీ ఆ తేడా కొన్ని వేలు. మీరు కట్టబోయే వడ్డీ, ఫీజు 76,000.

దసరా అని ఊరికే అనలేదు. మే నెలలో బెనిడోర్మ్ దగ్గర మధ్యధరా సముద్రం నీళ్ళు 18, 19 డిగ్రీలే ఉంటాయి. మేలో మన హైదరాబాద్ ట్యాంకు నీళ్ళతో స్నానం చేసే పిల్లలు అందులో పది నిమిషాలు నిలవలేరు. ఐదున్నర లక్షలు పెట్టి ఒడ్డున ఇసుక గూళ్ళు కట్టుకుని రావాలి. నీళ్ళు 25, 26 డిగ్రీలకి వచ్చేది జులై, ఆగస్టుల్లో, కానీ ఆగస్టు స్పెయిన్ వాళ్ళకే సెలవుల నెల. గదుల అద్దెలు కొండెక్కుతాయి, లెవాంతె బీచ్‌లో తువ్వాలు పరచడానికి చోటుండదు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి, అద్దెలు దిగుతాయి, మన స్కూళ్ళకి సెలవులు. ఒక్కటే చిక్కు: ఆ తీరంలో కుండపోత వానలు పడేది కూడా ఈ రోజుల్లోనే. 2024 అక్టోబరు 29న వలెన్సియా ప్రాంతాన్ని ముంచింది అలాంటి వానే. గట్టి వాన పడ్డాక మురుగునీరు పొంగి సముద్రంలో కలుస్తుంది కాబట్టి ఒకటి రెండు రోజులు నీళ్ళలోకి దిగొద్దు. అందుకే వారం మొత్తం బీచ్ మీదే పెట్టుకోకండి. దగ్గర్లోని అలికాంతె నగరం నుంచి బెనిడోర్మ్‌కి ట్రామ్ గంటా పావులో వస్తుంది, రెండు రోజులు అలికాంతెలో ఉండొచ్చు.

‘శుభ్రమైన బీచ్’ అన్నదాన్ని ప్యాకేజీ ఫొటో చూసి నమ్మకండి. శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నీలిజెండా (బ్లూ ఫ్లాగ్) ఏ ఏడాదికి ఆ ఏడాది ఇస్తారు, నీటి నాణ్యత పరీక్షలో ‘అత్యుత్తమం’ వస్తేనే. తీసేస్తారు కూడా. విశాఖ రుషికొండకి 2020లో వచ్చింది, 2025లో నిర్వహణ బాగాలేదని కొన్నాళ్ళు తీసేశారు. స్పెయిన్ ఆరోగ్య శాఖ ‘నాయాదె’ అనే పేరుతో బీచ్ వారీగా నీటి పరీక్షల వివరాలు పెడుతుంది. బుక్ చేసే ముందు అక్కడ చూడండి. అన్నట్టు, ఈ మేలో పిల్లలు సముద్రం చూడాలంటే విశాఖకి రైలెక్కండి.

వీసా దగ్గర మీ ప్లాన్‌లో ఇంకో పొరపాటుంది. స్పెయిన్ వెళ్ళడానికి కావాల్సిన షెంగెన్ వీసాకి (చాలా యూరప్ దేశాలకి ఉమ్మడి వీసా ఇది) గత మూడు నుంచి ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. మామూలుగా 30, 40 వేలు ఆడే ఖాతాలో దరఖాస్తుకి పది రోజుల ముందు 3 లక్షలు వచ్చి పడితే, అది అప్పు అని అవతలివాళ్ళకి ఇట్టే తెలుస్తుంది. డబ్బు ఎక్కడిదని అనుమానిస్తారు. 2024లో మన దేశం నుంచి వెళ్ళిన షెంగెన్ దరఖాస్తుల్లో సుమారు 15 శాతం తిరస్కరించారు. వీసా రాకపోయినా ఫీజు తిరిగిరాదు. పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45, ఆరేళ్ళ లోపు వాళ్ళకి లేదు. మూడో దసరాకి మీ చిన్నవాడికి కూడా 45 పడుతుంది. వీసా కేంద్రం ఛార్జీ వేరే. ఆర్‌డీ, జీతం, బోనస్ క్రమంగా కనబడే ఖాతా కంటే మంచి కాగితం ఇంకోటి లేదు.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, 15 రోజుల ముందు వరకే తీసుకుంటారు. అంత చివరి దాకా ఆగకండి. హోటల్ ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకోండి. వీసా చేతికి రాకుండా రీఫండ్ లేని విమానం టికెట్టు కొనొద్దు. వీసాకి తప్పనిసరి అయిన ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో కనీసం 30,000 యూరోల వైద్య కవర్ ఉండాలి. చౌకగా దొరికిందని సంతకం పెట్టకండి. పాత జబ్బులకి వర్తిస్తుందా, వీసా తిరస్కరిస్తే టికెట్ డబ్బు ఇస్తుందా అనే రెండు పేరాలు చదవండి. చాలా పాలసీలు రెండింటికీ లేదనే చెబుతాయి. ప్యాకేజీగా కొంటే దాని మీద టీసీఎస్ (అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ ఆ డబ్బు ముందు మీ జేబులోంచే పోవాలి. రేటు బడ్జెట్లలో మారుతుంటుంది కాబట్టి కట్టే రోజున అడగండి. 5.4 లక్షల్లో అది కలిపి ఉందో లేదో కూడా.

అక్కడ దుకాణంలో కార్డు పెడితే యంత్రం యూరోల్లో కట్టాలా, రూపాయల్లోనా అని అడుగుతుంది. యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ళు పెట్టిన మారకపు రేటే దిక్కు. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయకండి, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

మీరు కట్టిన 25,000 సంగతి. అడ్వాన్సు పోతుందని మిగతా ఐదు లక్షలు కట్టడం పొరపాటు. పూర్తిగా పోయినా అది 76,000లో మూడో వంతే. రసీదు వెనక ఉన్న క్యాన్సిలేషన్ నిబంధన చదివి, ప్రయాణం రద్దు చేసుకుంటున్నట్టు ఈమెయిల్‌లో రాసి పంపండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. చాలాచోట్ల ప్రయాణానికి ఇన్ని రోజుల ముందైతే ఇంత కోత అని మెట్లుగా ఉంటుంది, కాబట్టి ఎంత త్వరగా రాస్తే అంత వెనక్కి వస్తుంది. పూర్తిగా ఇవ్వనంటే వేరే తేదీకి మార్చమని లేదా క్రెడిట్ నోటు ఇమ్మని అడగండి. దాని గడువు మీ మూడో దసరా దాకా లేకపోతే మాత్రం ఎంతొస్తే అంత నగదే తీసుకుని ఎఫ్‌డీలో కలపండి.