తప్పుడు ప్రచారం మీద పీహెచ్‌డీ: ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఏ పొలిటికల్ సైన్స్ పూర్తిచేసి అధ్యాపక అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) సాధించింది. ఎన్నికలప్పుడు ఫోన్లలో తిరిగే తప్పుడు ప్రచారం మీద పరిశోధన చేస్తానంటోంది. పార్టీల జోలికి పోయే చదువని మా ఇంట్లో భయం. ఉద్యోగం వస్తుందా? గ్రూప్స్‌కు చదివించడం మేలా? (ఒక తండ్రి, కావలి)

జవాబు: మీ భయం అంశం గురించి. నేనైతే ఆ పీహెచ్‌డీ ఏ శాఖలో నమోదవుతుందని ముందు అడుగుతాను. ‘తప్పుడు సమాచారం’ పేరుతో మన దగ్గర పోస్టు పడదు. పొలిటికల్ సైన్స్ అనో, జర్నలిజం అనో పడుతుంది. జర్నలిజం బోధించే డిగ్రీ కాలేజీలు అరుదు, పొలిటికల్ సైన్స్ చాలాచోట్ల ఉంది. ఎంఏ, నెట్ ఒక సబ్జెక్టులో, పీహెచ్‌డీ మరొక దానిలో ఉంటే దరఖాస్తుల పరిశీలనలోనే పేచీ రావచ్చు. అందుకే పొలిటికల్ సైన్స్‌లోనే చేరమనండి. జర్నలిజం ఆచార్యులెవరైనా కో-గైడ్‌గా ఉంటే చాలు.

జేఆర్ఎఫ్ లేకపోతే ఈ జవాబు వేరేగా ఉండేది. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. మొత్తం ఐదేళ్లు మించదు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ ఉంటే అర్హతే. అయినా ఎంపికలో పీహెచ్‌డీ ఉన్నవారిదే పైచేయి. యూజీసీ స్కేలులో మూలవేతనం 57,700తో మొదలవుతుంది. కానీ నియామకాలు ఏళ్ల తరబడి సాగుతాయి, ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీగా నెట్టుకు రావలసి ఉంటుంది. ఈ సంగతి దాచి ఆశపెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇక పరిశోధనకు సమాచారం ఎక్కడ దొరుకుతుంది? వాట్సాప్ సందేశాలు బయటివారికి కనపడవు. ట్విట్టర్ సమాచారాన్ని ఉచితంగా తీసుకునే వీలు 2023లో పోయింది. ఫేస్‌బుక్ పోస్టుల జాడ తీయడానికి పరిశోధకులు వాడిన క్రౌడ్‌టాంగిల్‌ను మెటా సంస్థ 2024 ఆగస్టులో మూసేసింది. దాని స్థానంలో తెచ్చిన కంటెంట్ లైబ్రరీ కోసం దరఖాస్తు పెట్టుకుని, అనుమతి కోసం ఎదురుచూడాలి. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) మొత్తం ఒక కంపెనీ దయ మీద నిలబడితే మూడో ఏడాది చేతులు ఖాళీ.

కాబట్టి కాళ్లతో తిరిగి చేయగల పని ఎంచుకోవాలి. ఈ రంగంలో అందరూ ఉదహరించే 2018 నాటి అధ్యయనం ట్విట్టర్‌లోని దాదాపు 1,26,000 వార్తలను పరిశీలించి, అబద్ధం నిజం కన్నా వేగంగా పాకుతుందని తేల్చింది. బంధువుల గ్రూపులో మేనమామ పంపినదాన్ని కాదనలేని మొహమాటం ఆ లెక్కల్లో కనపడదు. దాన్ని ఉదయగిరిలోనో కనిగిరిలోనో ఇళ్లలో కూర్చుని మాట్లాడి రాబట్టాలి, అది తెలుగు వచ్చిన పిల్లలకే సాధ్యం. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇచ్చిన మందు కోసం వేలమంది బారులు తీరారు కదా, ఏ వీడియో ఎవరిని కదిలించిందో వాళ్లను అడిగి రాస్తే ఒక అధ్యాయం అవుతుంది. సెల్‌ఫోన్లు లేని 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాట సారా వ్యతిరేక ఉద్యమమై రాష్ట్రమంతా పాకింది. అది తప్పుడు ప్రచారం కాదు. కానీ మాట ఎలా ప్రయాణిస్తుందో పోల్చి చూడడానికి అంతకన్నా మంచి ఉదాహరణ ఈ జిల్లాలో నాకు తెలిసి లేదు.

పార్టీల భయం ఊరికే పుట్టింది కాదు. అయితే ‘ఏ పార్టీ ఎక్కువ అబద్ధాలాడింది’ అని కాక ‘జనం ఎందుకు నమ్మారు, ఎవరికి పంపారు’ అని అడిగితే సగం తలనొప్పి తగ్గుతుంది. విశ్వవిద్యాలయ ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం మీద ఉండాలి. మాట్లాడినవారి సమ్మతి తీసుకోవాలి, వారి పేర్లు, ఫోను నంబర్లు నోట్సులో ఉంచకూడదు. సొంత ఖాతాలో ఏ పార్టీ తరఫునా వాదనలకు దిగకూడదు. ఇది వయసులో ఉన్నవారికి కష్టమే, ముందే చెప్పండి.

గ్రూప్స్ రాయవద్దని అనను. కానీ రెండూ ఒకేసారి మొదలుపెడితే మొదటి ఏడాదే రెండూ చెడతాయి. దాని బదులు గణాంకశాస్త్రం, సమాచార విశ్లేషణకు వాడే ఆర్ లేదా పైథాన్ కంప్యూటర్ భాష నేర్చుకుంటే అధ్యాపక ఉద్యోగం ఆలస్యమైనా హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ వంటి వాస్తవ పరిశీలన సంస్థల్లో, సర్వే సంస్థల్లో ప్రయత్నించవచ్చు.

విశ్వవిద్యాలయం పేరు చూసి కాదు, గైడ్‌ను చూసి చేరాలి. ఆయన దగ్గర పూర్తయిన సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో (పీహెచ్‌డీ గ్రంథాలు దొరికే వెబ్‌సైట్) ఉంటే రెండు చదవమనండి. వాటిని రాసినవారిలో ఒకరికి ఫోను చేసి, ఫెలోషిప్ నెలనెలా పడిందా, ఒక్కో అధ్యాయం దిద్ది ఇవ్వడానికి గైడ్‌కు ఎన్నాళ్లు పట్టిందని మొహమాటం లేకుండా అడగమనండి.