డౌన్‌లోడ్ చేశాక రీఫండ్ రాదంటే ఒప్పుకోవాలా?

ప్రశ్న: '24 బిట్, 192 కిలోహెర్ట్జ్' అని రాసి ఉంటే, మామూలు వెర్షన్ కంటే ఎక్కువ డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక పాత ఆల్బమ్ కొన్నాను. ఇంట్లో కంప్యూటర్‌కి డ్యాక్ (డిజిటల్ ఫైలును స్పీకర్లకు పనికొచ్చే సంకేతంగా మార్చే పరికరం), యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు కలిపి ఒక సంస్థవాళ్లు బిగించి ఇచ్చారు. పాట పెడితే డ్యాక్ తెర మీద 192 బదులు 48 అని పడుతోంది. బిగించినవాళ్లు ఫైలే నకిలీది అంటున్నారు. ఫైలు అమ్మినవాళ్లు మీ సిస్టమే సరిగా లేదు, అయినా డౌన్‌లోడ్ చేశాక రీఫండ్ ఇవ్వం అని మెయిల్ పెట్టారు. స్నేహితుడు ఆ ఫైలుకి గ్రాఫ్ తీస్తే 22 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు శబ్దం ఆగిపోయింది. ఆల్బమ్ మా తమ్ముడికి కూడా కాపీ చేసి ఇచ్చానని ఫైలు అమ్మినవాళ్లకి మాటల్లో చెప్పాను. 'అది పైరసీ, మేమే కేసు వేస్తాం' అని వాళ్లు మెయిల్ పెట్టారు. చాలా టెన్షన్‌గా ఉంది. నేనేం చేయాలి?

జవాబు: ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు లోపాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. వాటిని విడదీయకుండా నోటీసు పంపితే ఇద్దరూ తప్పు ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు, మధ్యలో మీరు మిగిలిపోతారు. ఇలాంటి కేసులు చాలావరకు వీగిపోయేది చట్టం లేక కాదు, తప్పు మనిషిని ఎదుటి పార్టీగా పెట్టడం వల్ల.

మీరు చెప్పిన 48, 22 అనే అంకెలు ఒకే విషయాన్ని చెప్పడం లేదు. డ్యాక్ మీద కనిపించే 48 అంటే, కంప్యూటర్ ఆ క్షణంలో దానికి సెకనుకు 48 వేల శాంపిళ్లు, అంటే శబ్దం కొలతలు, పంపుతోందని అర్థం. ఫైలు నిజంగా 192దే అయినా కంప్యూటర్ సౌండ్ సెట్టింగ్ 48 దగ్గర ఉంటే, ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి పాటనూ 48కి మార్చే బయటికి పంపుతుంది. అంటే ఆ అంకె మీ ఇంట్లో పుట్టింది. గ్రాఫ్‌లోని 22 అలా కాదు. ఫైలు లోపల ఎంత పై స్థాయి వరకు శబ్దం ఉందో అది చెబుతుంది. శాంపిలింగ్ రేటులో (సెకనుకు తీసే ఆ కొలతల సంఖ్యలో) సగం వరకే శబ్దాన్ని దాచగలం. సీడీ రేటు 44.1 కిలోహెర్ట్జ్, అందులో సగం 22.05. కాబట్టి 192 అని రాసిన ఫైలు సరిగ్గా 22 దగ్గర నిట్టనిలువుగా తెగిపోతే, ఎక్కడో ఒకచోట అది సీడీ నాణ్యత ఉన్న ఫైలు అయి ఉంటుందని, దాన్ని సాగదీసి పెద్ద అంకె అంటించారని గట్టి అనుమానం వస్తుంది.

ఒక్క మాట మీ స్నేహితుడిని అడిగి తెలుసుకోండి. ఆయన గ్రాఫ్ తీసింది నేరుగా ఫైలు నుంచా, లేక మీ ఇంట్లో మోగుతున్నదాన్ని రికార్డు చేసా? రెండో పద్ధతిలో తీసి ఉంటే అది ఫైలు మీద సాక్ష్యం కాదు.

ఇప్పుడు ఇంటి సంగతి. ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో 'ఎక్స్‌క్లూజివ్ మోడ్' (కంప్యూటర్ రేటు మార్చకుండా పాటను నేరుగా డ్యాక్‌కి పంపే సెట్టింగ్) ఆన్ చేసి అదే పాట పెట్టండి. డ్యాక్ 192 చూపిస్తే మీ పరికరాల్లో లోపం లేదు, సెట్టింగ్ ఒక్కటే మిగిలిపోయింది. పది నిమిషాల పని. దానికోసం వినియోగదారుల కమిషన్ మెట్లు ఎక్కమని నేను ఎవరికీ చెప్పను. బిగించినవాళ్లకి ఫోన్ చేయకుండా మెయిల్ రాయండి: 'బిల్లులో హై-రెజల్యూషన్ ప్లేబ్యాక్ సెటప్ అని ఉంది, 48 మాత్రమే వస్తోంది, వారంలో వచ్చి సరిచేయండి' అని. బిల్లులో గానీ కొటేషన్‌లో గానీ ఆ మాట ఉండి కూడా వాళ్లు రాకపోతే, అది వినియోగదారుల పరిరక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(11) చెప్పే సేవాలోపం. ఆ మాట ఎక్కడా లేకపోతే మీ చేతిలో పట్టు తక్కువే. ఇకముందు సిస్టమ్ పెట్టించుకునేటప్పుడు ఏ ఫార్మాట్, ఎంత రేటు వరకు ఆడించి చూపిస్తారో కొటేషన్‌లో రాయించుకోండి. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పెట్టి 'తేడా తెలియడం లేదు' అని ఫిర్యాదు చేసేవాళ్లూ ఉన్నారు. బ్లూటూత్‌లో మామూలుగా పాటను కుదించే పంపుతారు. అది అమ్మినవాళ్ల తప్పు కాదు.

అసలు కేసు ఫైలు దగ్గర ఉంది.

మీ మనసులో ఉన్న భయం నాకు అర్థమవుతోంది: 'తేడా చెవికి తెలుస్తుందా అని కమిషన్ అడిగితే ఏం చెప్పాలి?' చెవితో నిరూపించాల్సిన పని లేదు. అమ్మకందారు ఒక ప్రమాణం చెప్పి, దాని పేరు మీద ఎక్కువ డబ్బు తీసుకున్నాడు. వస్తువు ఫలానా ప్రమాణం, నాణ్యత, గ్రేడు ఉన్నదని అబద్ధంగా చెప్పడం సెక్షన్ 2(47) కింద అనుచిత వాణిజ్య విధానం. ఎలా వినిపించిందన్నది దీనికి సంబంధం లేని ప్రశ్న. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ సౌండ్ ల్యాబ్ అనే రికార్డుల సంస్థ విషయంలో జరిగింది కూడా ఇదే. అసలు మాస్టర్ టేపుల నుంచి పూర్తిగా అనలాగ్ పద్ధతిలో తీసినవని కొనుగోలుదారులు నమ్మిన రికార్డుల తయారీలో మధ్యలో ఒక డిజిటల్ దశ ఉందని 2022లో బయటపడింది. ఆ రికార్డులు బాగా మోగలేదని కాదు, చెప్పిన మాట నిజం కాదని కొన్నవాళ్లు కోర్టుకెళ్లారు. చివరికి అది రాజీతో ముగిసింది. మన చట్టం వేరు, అయినా తర్కం అదే.

అయితే న్యాయంగా మరో వైపు కూడా చూడాలి. గ్రాఫ్‌లో పైభాగం ఖాళీగా ఉన్నంత మాత్రాన ప్రతి ఫైలూ మోసం కాదు. కొన్ని మైకులు 20 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా పట్టవు, పాత టేపుల్లో పైస్థాయి శబ్దం సన్నగిల్లుతూ పోతుంది. అలాంటప్పుడు గ్రాఫ్ వాలుగా దిగుతుంది. మీ స్నేహితుడు చూసినట్టు గోడలా తెగిపోదు. ఇంకొకటి చూడండి: మీ ఆల్బమ్ ఎప్పటిది, ఎలా రికార్డు చేశారు? 1980లలో డిజిటల్‌లో రికార్డయిన ఆల్బమ్‌లు చాలావరకు 16 బిట్‌లోనే, సీడీకి దగ్గరి రేటులోనే ఉన్నాయి. అసలు రికార్డింగే అలా ఉంటే దాని నుంచి నిజమైన 24 బిట్, 192 ఎలా వస్తుంది? పాత కవరు మీదో, బుక్‌లెట్‌లోనో రికార్డింగ్ వివరాలు ఉంటే అవి గ్రాఫ్ కంటే బలమైన సాక్ష్యం.

సాక్ష్యం విషయంలో ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. డౌన్‌లోడ్ చేసిన అసలు ఫైలును ముట్టుకోకండి. పాట పేరు సరిచేయడం, ఆల్బమ్ బొమ్మ మార్చడం లాంటివి కూడా ఆ కాపీ మీద వద్దు. అలా మార్చగానే ఫైలు హ్యాష్ మారిపోతుంది. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర లాంటిది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో తీస్తే 64 అక్షరాలు, అంకెల వరుస వస్తుంది, ఫైలులో ఒక్క బిట్ మారినా అది వేరే అయిపోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో ఈ హ్యాష్ విలువ రాయాలి. అందులో ఒక భాగం మీరు సంతకం చేసేది, మరో భాగం నిపుణుడు చేసేది. కాబట్టి అసలు ఫైలును విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దాని హ్యాష్‌ను తేదీతో సహా రాసిపెట్టుకోండి. వినడానికి ఇంకో కాపీ వాడుకోండి. అమ్మకం పేజీలో '24 బిట్, 192' అని ఉన్న చోటు, పేజీ చిరునామా, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. నోటీసు అందిన మర్నాడే ఆ పేజీ మారిపోవచ్చు.

ఇక 'డౌన్‌లోడ్ చేశాక రీఫండ్ లేదు' అనే షరతు. మీకు పాట నచ్చక, మనసు మార్చుకుని డబ్బు అడిగితే ఆ షరతు పనిచేస్తుంది, అందులో అన్యాయం కూడా లేదు. ఫైలును కాపీ చేసుకుని వెనక్కి ఇచ్చామనేవాళ్ల నుంచి వాళ్లకూ రక్షణ కావాలి. చెప్పిన సరుకు ఇవ్వనప్పుడు మాత్రం ఆ షరతు అడ్డు రాదు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ ఉత్పత్తులకు కూడా వర్తిస్తాయని అందులోనే రాశారు. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకుకు డబ్బు వెనక్కి ఇవ్వనంటే ఆ నియమాలు ఒప్పుకోవు. ఫైలు వస్తువా, సేవా అన్న వాదన వాళ్ల లాయరు తేవచ్చు. వస్తువైతే లోపం, సేవైతే సేవాలోపం. ఎటు తిప్పినా చట్టం పరిధిలోనే ఉంటారు.

వరుస ఇలా ఉండనివ్వండి. ముందు ఫైలు అమ్మినవాళ్ల గ్రీవెన్స్ అధికారికి (ఫిర్యాదులు చూసే అధికారికి) గ్రాఫ్, బిల్లు జతచేసి మెయిల్ పంపండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. డ్యాక్ సంగతి ఆ మెయిల్‌లో ఒక్క ముక్క కూడా రాయకండి, రాస్తే వాళ్లకి తప్పించుకునే దారి మీరే చూపినట్టు. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. గడువు రెండేళ్లు. పరీక్షిస్తే తప్ప లోపం తేలదనుకుంటే కమిషన్ దాన్ని ప్రయోగశాలకు పంపగలదు.

అమ్మిన సంస్థ విదేశాల్లో ఉందా? మీరు రాయలేదు. మన దేశంలోని వినియోగదారులకు క్రమంగా అమ్ముతుంటే విదేశీ సంస్థకైనా ఈ నియమాలు వర్తిస్తాయి. కానీ ఆర్డరు తెచ్చుకోవడం ఒక ఎత్తు, దాన్ని అక్కడ అమలు చేయించడం ఒక ఎత్తు. ఒక్క ఆల్బమ్ కోసం అంత దూరం వెళ్లడం నాకు సబబుగా తోచదు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, 'చెప్పిన సరుకు కాదు' అనే కారణంతో బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవడం, అడగండి. వీసా కార్డుల నిబంధనల్లో దీనికి సాధారణంగా 120 రోజుల గడువు. ఏదో ఒక దారిలో డబ్బు వెనక్కి వస్తే, వింటున్న కాపీలు తీసేయండి. డబ్బూ, పాటలూ రెండూ ఉంచుకోవడం సరికాదు.

తమ్ముడి విషయం. ఇక్కడ మీరు కొంచెం తగ్గాలి. కొన్న పాటను మీ హార్డ్ డిస్కులో బ్యాకప్ పెట్టుకోవడం, మీ ఫోన్‌లోకి, పక్క గదిలోని ప్లేయర్‌లోకి ఎక్కించుకోవడం కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(a) చెప్పే వ్యక్తిగత వినియోగం కిందికే వస్తాయని నా అభిప్రాయం. తమ్ముడు మీ ఇంటికొచ్చి మీతో కలిసి వింటే ఎవరూ ఏమీ అనలేరు. వేరే ఇంట్లో ఉండే తమ్ముడికి మొత్తం ఆల్బమ్ ఇచ్చేస్తే అది మీ వ్యక్తిగత వినియోగం అవడం కష్టం, మీరు ఒప్పుకున్న షరతుల్లో కూడా 'ఇతరులకు ఇవ్వరాదు' అని ఉండే ఉంటుంది. కొన్న పుస్తకం ఇచ్చినట్టు ఫైలు ఇవ్వలేం, ఎందుకంటే ఇచ్చినప్పుడు కొత్త కాపీ పుడుతుంది. వాడిన పాటల ఫైళ్లను తిరిగి అమ్మించిన రీడిజి అనే సంస్థ మీద 2018లో అమెరికా అప్పీలు కోర్టు తీర్పిచ్చింది కూడా ఈ కారణంతోనే. తమ్ముడికి చెప్పి ఆ కాపీ తీసేయించండి. నచ్చితే ఆయనే ఒకటి కొనుక్కుంటారు.

అంతమాత్రాన మీ ఫిర్యాదు చెల్లకుండా పోదు. మీ కాపీ సంగతి వేరు, వాళ్లు అబద్ధం చెప్పి అమ్మిన సంగతి వేరు. కేసు వేస్తామన్న ఆ మెయిల్‌ను మాత్రం చెరిపేయకండి, ఫిర్యాదుకు జత చేయండి. రీఫండ్ అడిగిన వినియోగదారుకి వాళ్లు ఏం జవాబిచ్చారో కమిషన్ కూడా చదవాలి.