నల్ల చొక్కాకు ఫిల్మ్ తీయించే ముందు

తిరుపతి

అమ్మా,

నువ్వు చిత్తూరులో స్క్రీన్ ప్రింటింగు మొదలుపెడుతున్నావనీ, మొదటి ఆర్డరే నల్ల టీషర్టులనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఒకపక్క గర్వంగానూ ఒకపక్క గుబులుగానూ ఉంది. తెల్ల బట్ట మీద చేయి తిరిగాక నల్లదాని జోలికి వెళ్లకూడదా? సరే, ఒప్పుకున్నావు కనుక విను.

బొమ్మను అచ్చు పడవలసిన కొలతలోనే, అంగుళానికి 300 చుక్కలకు తగ్గకుండా తయారు చేసుకో. ప్రతి రంగుకూ తీయించే ఫిల్మ్ (బొమ్మ నల్లగా పడిన పారదర్శకమైన షీటు) మీదా, రంగులు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోవడానికి పెట్టే రిజిస్ట్రేషన్ గుర్తులు ఒకే చోట ఉండాలి. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది నేను చేసిన తప్పు. గాంధీ రోడ్డు దగ్గర చిన్న గదిలో పని చేసుకునే రోజుల్లో, ఒక కార్తీక మాసాన, అయ్యప్ప మాల వేసుకున్నవారు 60 నల్ల చొక్కాలు తెచ్చి స్వామి ముఖాన్ని తెల్ల రంగుతో వేయమన్నారు. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో గీసిన చక్కని బొమ్మను ఉన్నదున్నట్టు ఫిల్మ్ తీయించాను. ఫిల్మ్ మీద నల్లగా ఉన్న చోటనే స్క్రీన్‌లోంచి రంగు దిగుతుందని తెలిసి కూడా, ఆ దిగే రంగు తెలుపన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. మొదటి చొక్కా ఎత్తి చూస్తే జుట్టు తెల్లగా, కనుపాపలు తెల్లగా, నుదుటి విభూతి నల్లగా, దేవుడు ఫొటో నెగటివ్‌లోంచి చూస్తున్నట్టు ఉంది. కంగారులో ఫిల్మ్ మొత్తాన్ని, నల్లది తెల్లగా, తెల్లది నల్లగా మారేలా తిరగవేయించాను. ముఖం కుదిరింది గానీ, చుట్టూ ఉన్న ఖాళీ కాగితమంతా తెల్లని పలకలా పడింది. గురుస్వామి ఆ రెండు చొక్కాలనూ చాలాసేపు చూసి, "మిగిలినవైనా వదిలిపెట్టు స్వామీ" అన్నారు. తిట్టినా బాగుండేది.

అందుకే ముందు బొమ్మను అంచు వెంట కత్తిరించి, లోపలి భాగాన్ని మాత్రమే తిరగవెయ్యి. జుట్టును, నీడలను చొక్కా నలుపుకే వదిలెయ్యి. రంగు కాస్త పాకుతుంది కనుక, అలా వదిలిన గీతలు కాగితం మీదకన్నా లావుగా ఉండాలి.

రంగుల బొమ్మయితే కింద తెల్ల బేస్, అంటే రంగులకన్నా ముందు వేసే తెల్ల పూత, తప్పదు. అది లేకపోతే పసుపు పాచి పట్టినట్టు కనిపిస్తుంది. బేస్ ఫిల్మ్‌ను పై రంగు అంచుకన్నా ఒక పాయింటు, అంటే సుమారు 0.35 మిల్లీమీటర్లు లోపలికి తగ్గించు. లేదంటే రంగు ఏమాత్రం పక్కకు జరిగినా తెల్ల అంచు బయటపడుతుంది.

ఫిల్మ్ తీయించే ముందు కంప్యూటర్లో బొమ్మ వెనుక నల్ల రంగు పరిచి, అది ఎలా ఉందో ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. రాత్రి పదకొండైనా మేలుకునే ఉంటాను.

నీ మేనమామ