ముందు వరుస కుర్చీలు మనవి కావు

అమ్మాయీ,

ఆశీస్సులు. ఈసారి హంబోల్ట్ కొలేగ్, అంటే హంబోల్ట్ పూర్వ ఫెలోలు నడిపే సభ, హైదరాబాదులో జరుగుతుందనీ, ఆ బాధ్యత నీ నెత్తిన పడిందనీ తెలిసి సంతోషించాను. హంబోల్ట్ సంస్థ ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ మీద జర్మనీలో పనిచేసి వచ్చినవాళ్లు నాలుగైదు దేశాల నుంచి మన ఊరికి రావడం మామూలు సంగతి కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. ఇలాంటి సభలు చాలానే చూశాను, కొన్నింటిలో బల్లలు మోశాను, మరికొన్నింటిలో వేదిక మీద కూర్చుని కునికిపాట్లు పడ్డాను. అడిగావు కనుక మొహమాటం లేకుండా చెబుతాను.

ముందుగా ఈ సభ ఎవరి కోసమో తేల్చుకో. మన కోసమే అయితే హోటల్లో ఒక పూట భోజనం చాలు. పాత ఫొటోలు చూసుకుని, హైడెల్‌బర్గ్ చలి గురించీ గ్యోటింగెన్ సైకిళ్ల గురించీ నవ్వుకుని ఇళ్లకు పోవచ్చు. మనకు రావలసింది ఎప్పుడో వచ్చేసింది. ఒకసారి ఫెలో అయినవాళ్లను హంబోల్ట్ సంస్థ జీవితాంతం తనవాళ్లుగానే చూస్తుంది. మళ్లీ జర్మనీ వెళ్లి కొన్నాళ్లు పనిచేసుకోవడానికి దరఖాస్తు చేసుకోనిస్తుంది. రానిది ఎవరికంటే, అనంతపురంలోనో వరంగల్‌లోనో పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్న పిల్లలకు. అలాంటి ఫెలోషిప్ ఒకటుందన్న సంగతే వాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు అది ఐఐటీల వాళ్లకేలే అనుకుంటారు. దేశానికి ఇన్నని, సబ్జెక్టుకు ఇన్నని కోటా ఏదీ లేని ఫెలోషిప్ ఇది. ఆ ఒక్క ముక్క ఆ పిల్లల చెవిన పడడానికే ఈ సభ జరగాలి. కాబట్టి ముందు వరుస కుర్చీలు వాళ్లవి. మనం వెనక కూర్చుందాం. చెవులు సరిగా వినిపించని నాబోటివాళ్లకు పక్కన ఒక స్పీకరు పెట్టించు, చాలు.

ఇక తేదీ. డిసెంబరు అంటే అందరికీ మోజు, హైదరాబాదు చల్లగా ఉంటుందని. అయితే క్రిస్మస్ దగ్గర పడ్డాక జర్మన్లు ఇల్లు కదలరు. జనవరిలో మనకు సంక్రాంతి. పైగా అక్కడ శీతాకాలపు సెమిస్టరు పాఠాలు అక్టోబరు నడుమ నుంచి ఫిబ్రవరి నడుమ దాకా నడుస్తాయి, ఆచార్యులు క్లాసులు వదిలి రాలేరు. ఫిబ్రవరి చివరి వారం చూసుకో. వాళ్లకు పాఠాలు ముగుస్తాయి, మనకు ఎండలు ఇంకా ముదరవు. మార్చిలోకి మాత్రం జరపకు. ఆర్థిక సంవత్సరం చివర బిల్లులు పట్టుకుని అకౌంట్స్ సెక్షన్ చుట్టూ తిరగడం ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?

ఫిబ్రవరి అనుకుంటే ఆగస్టులోనే కాగితాల పని మొదలు కావాలి. విదేశీయులు సభకు రావాలంటే కాన్ఫరెన్స్ వీసా కావాలి. టూరిస్టు వీసా మీద వచ్చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. కాన్ఫరెన్స్ వీసాకు మనవైపు నుంచి ఆహ్వాన పత్రంతో పాటు హోం మంత్రిత్వ శాఖ అనుమతి, విదేశాంగ శాఖ రాజకీయ అనుమతి ఉండాలి. ఈ రెండూ తెప్పించుకోవలసింది నువ్వే, అతిథులు కాదు. కొన్ని దేశాల వాళ్లకు ఇంకా ముందుగా విడిగా క్లియరెన్స్ అవసరమవుతుంది, వాళ్ల పేర్లు మొదటి విడతలోనే పంపు. శ్రీలంక నుంచీ బంగ్లాదేశ్ నుంచీ రాదలచిన మన తోటి ఫెలోలను "పక్క దేశమే కదా" అని చివరికి నెట్టకు. జర్మనీ నుంచి వచ్చేవాళ్ల టిక్కెట్లు తొందరగానే ఖాయమవుతాయి, పక్కవాళ్లవే ఎప్పుడూ ఆలస్యం. వచ్చాక వాళ్లను క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లో దింపితే, వాళ్ల వివరాలు 24 గంటల్లోగా అధికారులకు ఆన్‌లైన్‌లో పంపవలసింది గెస్ట్‌హౌస్ వాళ్లు. అక్కడి గుమాస్తాకు ఆ సంగతి ముందే గుర్తు చెయ్యి. ఆదివారం దిగే అతిథుల జాబితా శుక్రవారమే అతని చేతిలో పెట్టు.

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్త. బాన్‌లోని హంబోల్ట్ సంస్థ నుంచి వచ్చే సొమ్మును పూర్వ ఫెలోల సంఘం పేరు మీద తీసుకుంటావా, విశ్వవిద్యాలయం పేరు మీద తీసుకుంటావా అన్నది మొదటి రోజే తేల్చుకో. సంఘమైతే విదేశీ విరాళాల చట్టం కింద నమోదై ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, ఒక సంస్థ తీసుకుని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. "మా దాంట్లో వేయించుకుని మీకిచ్చేస్తాం" అని ఎవరైనా పెద్దమనసుతో ముందుకొస్తే దండం పెట్టి పంపించెయ్యి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయానికి వస్తాను. ప్రారంభోత్సవం.

జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, స్వాగతం, స్వాగతానికి స్వాగతం, ముఖ్య అతిథి, గౌరవ అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. ప్రతి ఒక్కరూ, సంస్థకు పేరిచ్చిన జర్మన్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ గారిని 1802లో దక్షిణ అమెరికాలోని చింబొరాజో పర్వతం ఎక్కిస్తారు. నేను కూర్చున్న ఒక సభలో పాపం ఆయన ఒకే ఉదయం నాలుగుసార్లు ఎక్కాడు. నిజానికి ఆయన శిఖరం దాకా పోనే లేదు, దారిలో పెద్ద చీలిక అడ్డం వచ్చి వెనక్కి దిగాడు. ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. చరిత్ర చెప్పాలనుకుంటే ఒక్కరే చెప్పాలి, పది నిమిషాల్లో. హంబోల్ట్ పోయిన మరుసటి ఏడాది, 1860లో, బెర్లిన్‌లో సంస్థ పెట్టారు, అప్పట్లో పని జర్మన్ శాస్త్రజ్ఞులను పై దేశాలకు పంపడం. 1923 నాటి ద్రవ్యోల్బణంలో మూలధనం ఆవిరైపోయింది. 1925లో మళ్లీ నిలబెట్టి, ఈసారి విదేశీ విద్యార్థులను జర్మనీకి రప్పించడం మొదలుపెట్టారు. 1945లో ఆగిపోయింది. 1953లో బాన్‌లో మూడోసారి మొదలైంది, భౌతిక శాస్త్రజ్ఞుడు హైజెన్‌బర్గ్ అధ్యక్షుడై 1975 దాకా నడిపాడు. రెండుసార్లు కుప్పకూలి లేచిన సంస్థ అని తెలిస్తే, మొదటి దరఖాస్తు తిరిగొచ్చిన పిల్లవాడికి కాస్త ధైర్యంగా ఉంటుంది. ఇంతకు మించి చరిత్ర అక్కర్లేదు.

ముఖ్య అతిథిగా మంత్రిగారిని పిలవమని నీ మీద ఒత్తిడి వస్తుంది. పిలిస్తే భద్రత వాళ్లు పొద్దున్నే హాలు తమ చేతుల్లోకి తీసుకుంటారు, ఆయన పన్నెండింటికి వస్తారు, పిల్లలు పోస్టర్లు చుట్టుకుని మెట్ల మీద కూర్చుంటారు. ఆ ఉదయం తిరిగి రాదు. పిలవక తప్పకపోతే ముగింపు రోజు సాయంత్రానికి పిలువు.

శాలువాల గురించి ఎంత చెప్పినా తక్కువే. వచ్చిన ప్రతి విదేశీ ఆచార్యుడికీ శాలువా, గంధపు దండ, పేరు చెక్కిన గాజు పలక. ఆ గాజు పలకలు ఎక్కడికి పోతాయో గెస్ట్‌హౌస్ గదులు ఊడ్చేవాళ్లను అడుగు, చెబుతారు. విమానంలో ఇరవై మూడు కిలోలకు మించి తీసుకుపోలేని మనిషికి బరువు ఇచ్చి పంపడం మర్యాద కాదు. ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తే అరచేతిలో పట్టే నిర్మల్ బొమ్మ ఒకటి ఇవ్వు, అదీ వేదిక మీద కాకుండా వెళ్లేటప్పుడు.

భోజనాల దగ్గర ముఖ్యులకు వేరే పందిరి వెయ్యనివ్వకు. మన సంస్థల్లో అది ఎవరూ అడగకుండానే లేస్తుంది. తెల్ల గుడ్డలు కప్పిన కుర్చీలు, వడ్డించేవాళ్లు, చుట్టూ తెర. ఆ తెర లేచిందంటే నీ సభ సగం వృథా. ఎవరి కోసం వందల కిలోమీటర్లు రాత్రి బస్సులో వచ్చారో ఆ మనుషులు తెర అవతల తింటుంటే, పిల్లలు ఇవతల కంచాలు పట్టుకుని నిలబడతారు. అందరిదీ ఒకే వరుస, ఒకే గరిటె. అతిథుల కోసం కూరల్లో కారం చంపెయ్యమని వంటవాళ్లకు చెప్పకు. గోంగూర గోంగూరలాగే ఉండాలి, పక్కన పప్పూ పెరుగన్నమూ ఉంటే ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు. అయితే వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు పడిన ప్రతి గిన్నె ముందూ చీటీ పెట్టించు. మన పొడుల్లో ఏముంటుందో బయటివాళ్లకు చూస్తే తెలియదు. అవి పడనివాళ్లకు అది ప్రాణం మీదికొచ్చే వ్యవహారం.

టీ విరామం పావుగంట అని కార్యక్రమంలో వేస్తారు. ముప్పావుగంట వెయ్యి. నేను చూసిన కొలేగ్‌లలో పనికొచ్చినవన్నీ టీ కప్పుల దగ్గరే జరిగాయి. ఒకసారి సీమ నుంచి వచ్చిన కుర్రవాడు పోస్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మ్యూనిక్ నుంచి వచ్చిన పెద్దాయన వచ్చి పట్టిక చూశాడు. పన్నెండు రసాయన చర్యల్లో పదకొండింటికి దిగుబడి ఎనభై శాతం పైన, ఒక్కదానికి ముప్పై ఒకటి. వేలు దాని మీద పెట్టి ఎందుకని అడిగాడు. కుర్రవాడు "తెలియదు, మూడుసార్లు చేసినా అంతే వచ్చింది" అన్నాడు. వాడి గైడు పక్కనుంచి ఏదో సర్దిచెప్పబోతే పెద్దాయన చెయ్యెత్తి ఆపి, కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితపు రుమాలు మీద బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. వంకర గీతలు, బాణాలు. కుర్రవాడు ఆయన చేతిలో కలం తీసుకుని ఒక బాణం కొట్టేశాడు! గంట మోగినా ఇద్దరూ కదలలేదు. ఆ పోస్టర్లను నువ్వు మెట్ల కింద చీకట్లో తగిలించకు. టీ బల్లలకు ఆనుకుని, తినడానికి వచ్చినవాళ్లు చూడక తప్పని చోట పెట్టు.

రెండో రోజు ఉదయం పూర్తిగా దరఖాస్తు బల్లలకు కేటాయించు. ప్రసంగాలు వద్దు. ఒక్కో బల్ల దగ్గర ఒక పాత ఫెలో, ఎదురుగా ఇద్దరు పిల్లలు. పిల్లలు తమ పేపర్ల జాబితా, జర్మనీలో ఏ ఆచార్యుడి దగ్గర చెయ్యాలనుకుంటున్నారో ఆయనకు రాసిన ఉత్తరం నకలు పట్టుకుని రావాలి. ఆ ఉత్తరం చూస్తే నీకే తెలుస్తుంది. గౌరవనీయులైన సర్ అని మొదలై, మీ పరిశోధన నన్నెంతో ఆకట్టుకుందని సాగి, యాభైమందికి ఒకే రకంగా వెళ్లి ఉంటుంది. దాన్ని అక్కడికక్కడే తిరిగి రాయించు. ఆయన పేపర్లో ఏ ఫలితం దగ్గర నువ్వు ఆగావు, అక్కడి నుంచి నువ్వేం చేయగలవు అన్నది మొదటి వాక్యంలోనే ఉండాలి. ఆయన ఒప్పుకోకపోతే దరఖాస్తే లేదు. పీహెచ్‌డీ వచ్చిన నాలుగేళ్లలోపు పోస్ట్‌డాక్‌గా, అది దాటితే పన్నెండేళ్ల దాకా అనుభవజ్ఞుల విభాగంలో వేసుకోవచ్చని పెద్ద అక్షరాలతో గోడకు అంటించు. జర్మన్ రాదని జంకేవాళ్లు ఉంటారు. సైన్సు వాళ్లకు ఇంగ్లీషు సరిపోతుంది. భాష నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఆ కోర్సు ఖర్చు కూడా సంస్థే భరిస్తుంది. ఆడపిల్లలు కొందరు ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయని గొంతు తగ్గించి చెబుతారు. వాళ్లను నీ బల్లకు పంపించుకో. భర్తనూ బిడ్డనూ వెంటబెట్టుకుని వెళ్లి వచ్చినదానివి, నువ్వు చెబితే నమ్ముతారు, నేను చెబితే నమ్మరు.

ఇంకొకటి. జర్మనీలోని యువ పరిశోధకులు ఫియోడోర్ ల్యూనెన్ ఫెలోషిప్ మీద పై దేశాలకు వెళ్తారు. ఆతిథ్యం ఇచ్చేవాళ్లు హంబోల్ట్ పూర్వ ఫెలోలై ఉండాలి. అంటే హబ్సిగూడలోనో గచ్చిబౌలిలోనో ఉన్న మన ప్రయోగశాలలకు వాళ్లు రావచ్చు. ఇన్నేళ్లలో మనవాళ్లు దాని ఊసే ఎత్తరు, ఎప్పుడూ పోవడమే తప్ప రప్పించుకోవడం తెలియదు. మీ ల్యాబుల్లో ఏముందో జర్మన్ అతిథులకు ఒక పూట తిప్పి చూపించు.

సాయంత్రం కుటుంబాలనూ పిలువు. బెర్లిన్ వార్షిక సమావేశంలో దేశాధ్యక్షుడు ఫెలోలను కుటుంబాలతో సహా పిలిచి ఆతిథ్యమిస్తాడు. మీ అమ్మగారు పట్టుచీర కట్టుకుని అక్కడ తీయించుకున్న ఫొటో మీ ఇంట్లో చూశాను. సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తే శుక్రవారం పెట్టుకోకు, ఆ రోజు సెలవు. గోల్కొండ అయితే పొద్దున్నే తీసుకెళ్లు.

ఆహ్వానితుల జాబితా తయారయ్యాక నాకొక ప్రతి పంపు. ప్రసంగించేవాళ్లలో నా పేరు కనిపిస్తే కొట్టేసి దరఖాస్తు బల్లల్లో రాయి. భోజనం తర్వాత గంటసేపు నడుం వాల్చకపోతే నాకు కుదరదు, కాబట్టి ఉదయం పూట వెయ్యి.

మీ మాస్టారు