హెచ్-1బి మీద ఉండగా డైనో కొనవచ్చా? కొన్నాక ఎలా అమ్మాలి?

కార్ల ట్యూనింగ్ మీద మక్కువతో ఒక సెకండ్‌హ్యాండ్ పోర్టబుల్ డైనమోమీటరు (కారు ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం, పొట్టిగా డైనో) కొని, శని ఆదివారాల్లో నలుగురి కార్లకూ కొలతలు తీసిపెట్టి, రెండేళ్ల తరువాత అమ్మేసుకోవచ్చా అని అమెరికాలోని డాలస్ ప్రాంతానికి హెచ్-1బి ఉద్యోగ వీసా మీద కొత్తగా వచ్చిన తమ్ముళ్లు కొందరు నన్ను అడుగుతున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల చప్పుడు మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి ఆ మక్కువ నాకు బాగా తెలుసు. గ్రీన్‌కార్డు వచ్చిన తరువాత నేనూ అలాంటి యంత్రాన్ని అయిదేళ్లు ఉంచుకుని అమ్మాను. అయితే యంత్రం కన్నా ముందు వీసా సంగతి చెప్పుకోవాలి.

డైనో కొనడానికి, దాని మీద మీ సొంత కారును కొలుచుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. మీ వస్తువును మీరు ఒకసారి అమ్ముకోవడం కూడా ఉద్యోగం కిందికి రాదు. కానీ హెచ్-1బి మీద ఉన్నవారు తమకోసం పిటిషన్ వేసిన యజమాని దగ్గరే పనిచేయాలి కాబట్టి, ఇతరుల కార్లను కొలిచి డబ్బు పుచ్చుకుంటే, అది నగదుగా తీసుకున్నా, జెల్ (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే సేవ)లో వేయించుకున్నా, అనధికార ఉద్యోగమే అవుతుంది. అది రేపు గ్రీన్‌కార్డు కోసం ఐ-485 దరఖాస్తు వేసేనాడు మీ మెడకు చుట్టుకుంటుంది. హెచ్-4 (హెచ్-1బి వారి కుటుంబ సభ్యుల వీసా) మీద ఈఏడీ, అంటే పనిచేసే అనుమతి కార్డు, ఉన్న జీవిత భాగస్వామి చట్టబద్ధంగా సొంత వ్యాపారం పెట్టుకోవచ్చు గానీ, కంపెనీ ఆమె పేరున పెట్టి కారు కింద మీరు దూరితే ఆ పని మీదే అవుతుంది. ఈ విషయంలో మొహమాటం వద్దు. ఒక్క ముక్క ఇమిగ్రేషన్ లాయరును అడిగిన తరువాతే అడుగు వేయండి.

ఇక యంత్రం. ట్రెయిలర్ మీద బిగించిన రోలర్ డైనో ఒక రకం, చక్రాలు ఊడదీసి, అవి బిగి ఉండే హబ్‌లకు బిగించే హబ్ డైనో మరొక రకం. రోలర్ మీద టైరు జారుతుంది, పట్టీలు ఎంత గట్టిగా లాగి కట్టామన్నదాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. హబ్ డైనోకు ఆ బెడద లేదు. దాని పాడ్లకు, అంటే హబ్‌లకు తగిలించే పెట్టెలకు, చిన్న చక్రాలు ఉంటాయి కాబట్టి గ్యారేజీలో ఒక మూలకు నెట్టుకోవచ్చు. నా ఓటు హబ్ డైనోకే. అయితే ఏ రకమైనా తలుపులు మూసిన గ్యారేజీలో మాత్రం నడపకండి, కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు.

కొనేటప్పుడు గ్రాఫును ఇలా చదవండి. టార్కును (తిప్పే బలాన్ని) పౌండ్-అడుగుల్లో, శక్తిని హార్స్‌పవర్‌లో ఒకే స్కేలు మీద గీస్తే ఆ రెండు గీతలూ 5252 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర కలిసి తీరాలి, ఎందుకంటే టార్కును ఆర్‌పీఎంతో గుణించి 5252తో భాగిస్తేనే హార్స్‌పవర్ వస్తుంది. ఇంజన్ ఆ వేగం దాటినా కలవకపోతే ఎక్కడో లెక్క తప్పింది. కరెక్షన్, అంటే ఆనాటి వాతావరణాన్ని బట్టి అంకెను సరిచేసే పద్ధతి, ఏదో కూడా అడగండి. ఎస్‌ఏఈ జె1349 పద్ధతిలో 300 హార్స్‌పవర్ చూపిన కారు, ఎస్‌టీడీ పద్ధతిలో సుమారు 312 చూపుతుంది. ఇంజన్ అదే, లెక్కగట్టిన వాతావరణం వేరు. మరొక మాట నా అనుభవం నుంచి చెబుతున్నాను. నాకు అమ్మినవారు యంత్రం ఇచ్చారు గానీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పాత యజమాని పేరునే ఉండిపోయింది, అది నా పేరుకు మారేదాకా నెలల తరబడి వేల డాలర్ల ఇనుము గ్యారేజీలో ఊరికే పడి ఉంది. లైసెన్సు బదిలీ ఉత్తరం చేతికి అందందే పైసా ఇవ్వకండి.

అమ్మేనాడు నేను చేసినదంతా కొనేవారి కళ్లెదుటే చేశాను. కొలత సరిచూసే కడ్డీని (కాలిబ్రేషన్ ఆర్మ్) బిగించి, తూకం తెలిసిన ఇనుప దిమ్మను దాని చివర వేలాడదీసి, తెర మీద అంకె ఎంత చూపుతుందో ఆయన్నే చదవమన్నాను. దిమ్మ తీసేశాక అంకె తిరిగి సున్నాకు వచ్చింది. ఆ తరువాత ఆయన కారునే ఎక్కించి, ప్రతిసారీ చల్లారనిచ్చి, మూడుసార్లు ఇంజన్‌ను పూర్తి జోరుగా నడిపి కొలిచాను. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి పడేసరికి ఆయన బేరం ఆడడమే మానేశారు.

డబ్బు విషయంలో వైర్ ట్రాన్స్‌ఫర్ మేలు. క్యాషియర్స్ చెక్ (బ్యాంకే తన పేరున రాసిచ్చే చెక్కు) అయితే కొనేవారి బ్యాంకు కౌంటర్ దగ్గరే రాయించి తీసుకోండి; నకిలీ చెక్కు సొమ్ము ఒకటి రెండు రోజుల్లో ఖాతాలో కనిపించినా, వారాల తరువాత మోసం బయటపడగానే బ్యాంకు దాన్ని మీ దగ్గరే వెనక్కు లాక్కుంటుంది. చట్టబద్ధంగా వ్యాపారంలో వాడి, తరుగుదల (ఏటా తగ్గే విలువను ఖర్చుగా రాయడం) చూపించి ఉంటే పన్ను కూడా గుర్తుంచుకోవాలి. 20,000 డాలర్లకు కొని, 14,000 తరుగుదల చూపి, 13,000కు అమ్మితే, మిగిలిన విలువ 6,000 పోగా 7,000 డాలర్లు మామూలు ఆదాయంగానే పన్నుకు వస్తాయి. ఆ లెక్క 4797 ఫారంలో చూపాలి. సొంతానికి వాడుకున్న వస్తువును నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్నులో తగ్గించుకోలేరు.

ల్యాప్‌టాప్ కూడా ఇచ్చేస్తుంటే అందులోని ట్యూన్ ఫైళ్లన్నీ (కారు ఇంజన్ కంప్యూటర్‌లో వేసే సెట్టింగులు) చెరిపేయండి. ఉద్గార నియంత్రణను తొలగించే ఫైలును అమ్మడం ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం, అలాంటిది ఒక్కటి ఉన్నా అది మీ చేతిమీదుగా పోయినట్టే అవుతుంది. బిల్ ఆఫ్ సేల్‌ (అమ్మకపు పత్రం)లో ప్రతి పాడ్ సీరియల్ నంబరూ విడివిడిగా రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ట్రెయిలర్‌తో సహా అమ్ముతుంటే, టెక్సస్‌లో గ్రాస్ వెయిట్ 4,000 పౌండ్లు దాటినదానికి టైటిల్ (యాజమాన్య పత్రం) తప్పనిసరి కాబట్టి, టైటిల్ మీద సంతకం చేసి ఇచ్చి, నంబరు ప్లేటు మీరే విప్పుకుని, అమ్మిన సంగతిని 30 రోజుల్లోగా రాష్ట్ర మోటారు వాహనాల శాఖకు తెలియజేయండి.