రోగులను చూస్తూనే పరిశోధన

ప్రశ్న: ఎంబీబీఎస్ చదువుతున్న మా అమ్మాయి, రోగులను చూస్తూనే అల్జీమర్స్‌పై పరిశోధన చేస్తానంటోంది. రెండూ ఒకరికే సాధ్యమా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సాధ్యమేనండీ, కానీ ఓపిక చాలా కావాలి. కొలంబియాకు చెందిన న్యూరాలజిస్టు ఫ్రాన్సిస్కో లోపెరా జీవితాన్నే చూడండి. 1984లో, ఆయన మెడెయిన్ నగరంలో ఇంకా శిక్షణలో ఉండగానే, 47 ఏళ్లకే మతిమరుపు ముదిరిన రైతు ఒకాయన వచ్చాడు. ఆయన తండ్రికీ, తాతకూ ఇదే జబ్బని తెలియగానే, లోపెరా మందుచీటీ రాసి పంపేయకుండా, కొండ గ్రామాలకు వెళ్లి, చర్చిల్లోని పాత జనన మరణ రిజిస్టర్లు తిరగేసి, ఆ వంశవృక్షాన్ని తరాల వెనక్కి గీసుకుంటూ పోయారు. అక్కడివారు దీన్ని శాపమనో, ఏదో చెట్టును తాకిన ఫలితమనో అనుకునేవారు. వంశపారంపర్యంగా వస్తున్న ఈ అల్జీమర్స్‌కు అసలు కారణం ప్రెసెనిలిన్-1 అనే జన్యువులోని ఒక మార్పు అని 1995లో తేలింది.

నా దృష్టిలో అన్నిటికన్నా కష్టమైన పని, చనిపోయినవారి మెదడును పరిశోధన కోసం దానం చేయమని దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని అడగడం. ఏళ్ల తరబడి ఆ ఇళ్లకు వెళ్లివచ్చిన వైద్యుడు కాబట్టే ఆయన అడగగలిగారు. ఆ కుటుంబాల వారిపైనే జరిపిన క్రెనెజుమాబ్ మందు పరీక్ష ఆశించిన ఫలితం ఇవ్వలేదని 2022లో వెల్లడైంది. అయినా 2024లో మరణించేదాకా ఆయన ఈ పని వదల్లేదు.

మీ అమ్మాయి ఎండీ తర్వాత డీఎం న్యూరాలజీ (మెదడు, నరాల వైద్యంలో పైస్థాయి కోర్సు) చేయవచ్చు. ఈలోగా మతిమరుపు రోగులను చూసే మెమరీ క్లినిక్ ఉన్న ఆసుపత్రిలో కొన్నాళ్లు కూర్చుని, రోగుల వెంట వచ్చేవాళ్లు చెప్పేది వినమనండి.