ఐసీయూ నుంచి ఇంటికి వచ్చినా నాన్నగారిని అక్కడి భయం వదలడం లేదు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61 సంవత్సరాలు. ఆరు నెలల క్రితం న్యుమోనియా ముదిరి 16 రోజులు ఐసీయూలో, అందులో 9 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఇప్పుడు ఒంట్లో బాగానే ఉంది. కానీ తెల్లవారుజామున ఉలిక్కిపడి లేచి, ఒళ్లంతా చెమటలతో గొంతు పట్టుకుని కూర్చుంటున్నారు. ఇన్వర్టర్ బీప్ మన్నా వణికిపోతున్నారు. రివ్యూకు వెళ్దామంటే ఏదో ఒక సాకు చెప్పి మూడుసార్లు తప్పించుకున్నారు. అక్కడ తనను మంచానికి కట్టేసి నీళ్లలో ముంచారని, పక్క మంచం మీది మనిషిని చంపుతుంటే చూశానని అమ్మతో మాత్రమే చెప్పారు. అలాంటిదేమీ జరగలేదని మేమంటే మాట్లాడటం మానేస్తున్నారు. గాలి సోకిందేమో, తాయెత్తు కట్టించమని బంధువులు అంటున్నారు. ఫోన్ మోగితే చాలు, అమ్మ కూడా కంగారుపడుతోంది. నాన్నగారికి మతి భ్రమించిందా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ నాన్నగారికి మతి భ్రమించలేదు, గాలీ సోకలేదు. మీరు రాసిన లక్షణాలు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (పీటీఎస్‌డీ), అంటే భయానక అనుభవం ముగిసినా దాని భయం మనసును వదలకుండా వేధించే జబ్బులో కనిపించేవే. ఉత్తరం చదివి నిర్ధారించడం సరికాదు కాబట్టి సైకియాట్రిస్టు ఆయనను స్వయంగా చూడాలి. యుద్ధమో ఘోర ప్రమాదమో చూసినవారికే ఈ జబ్బు వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ గొంతులో గొట్టంతో, మాట పెగలని స్థితిలో, పగలో రాత్రో తెలియకుండా రోజుల తరబడి మృత్యువుకు దగ్గరగా పడి ఉండటం అంతకు తక్కువ అనుభవమేమీ కాదు. ఐసీయూ నుంచి బతికి వచ్చినవారిలో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి మొదటి ఏడాదిలో ఈ లక్షణాలు కనిపిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి.

ఆయన చెబుతున్న విషయాలను కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో ఎక్కువమందికి డెలీరియం వస్తుంది. మన పెద్దవాళ్లు సంధి అనేది ఈ స్థితినే. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, మత్తుమందులు, నిద్రలేమి అన్నీ కలిసి మెదడును అయోమయంలో పడేస్తాయి. అయినా ఆ మెదడు ఊరుకోదు, శరీరానికి జరుగుతున్నదానికి తనకు తోచిన అర్థం చెప్పుకుంటుంది. రోగి గొట్టం పీకేసుకోకుండా చేతులను మెత్తటి పట్టీలతో మంచానికి కట్టడం చాలా ఐసీయూల్లో ఉన్నదే కాబట్టి, కట్టేశారన్న మాట నిజమే అయి ఉండవచ్చు. గొట్టంలో పేరుకున్న కఫాన్ని సక్షన్‌తో లాగేటప్పుడు క్షణాలపాటు ఊపిరాడదు, నీళ్లలో ముంచారన్న జ్ఞాపకం అందులోంచి పుట్టి ఉండవచ్చు. పక్క మంచం మీది రోగికి గుండె ఆగితే నలుగురు చుట్టూ చేరి ఛాతీ మీద బలంగా నొక్కుతారు, సంధిలో ఉన్న మనిషికి అది హత్యలా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఇలాంటి భ్రమ జ్ఞాపకాలు జరిగిన వాటి జ్ఞాపకాలకన్నా ఎక్కువ కాలం, ఎక్కువ తీవ్రంగా వేధించడం వైద్యులు గమనించారు.

అందుకే అలాంటిదేమీ జరగలేదని ఆయనతో వాదించకండి. ఆ మాట విన్న ప్రతిసారీ తనను ఎవరూ నమ్మరన్న ఒంటరితనం ఆయనలో పెరుగుతుంది. అలాగని నర్సులు చంపబోయారని ఒప్పుకోనక్కర్లేదు. “మీకు అలా అనిపించిందంటే ఎంత భయపడి ఉంటారో నాన్నా” అని ముందు పూర్తిగా వినండి. ఆయన సరేనంటే, డిశ్చార్జ్ సమ్మరీ దగ్గర పెట్టుకుని ఏ రోజు గొట్టం వేశారో, ఏ రోజు తీశారో, అద్దం అవతల మీరు ఎప్పుడు నిలబడ్డారో తేదీల వారీగా చెప్పండి. ఐరోపాలో కొన్ని ఐసీయూల్లో నర్సులు, కుటుంబసభ్యులు రోగి తరఫున డైరీ రాసి, కోలుకున్నాక ఆయన చేతికిస్తారు. ఆరు దేశాల్లోని 12 ఐసీయూలలో 352 మందిపై చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో డైరీ అందుకున్నవారిలో కొత్తగా పీటీఎస్‌డీ వచ్చింది 5 శాతం మందికి, మిగతావారిలో 13 శాతం మందికి. 2019లో వెలువడిన ఫ్రెంచ్ అధ్యయనంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు కాబట్టి దాన్ని చికిత్సకు ప్రత్యామ్నాయంగా నేను చెప్పను. కానీ మధ్యలో తెగిపోయిన రోజులను తిరిగి అతుక్కోవడానికి అది సాయపడుతుందని నా నమ్మకం.

చికిత్సలో ప్రధానమైనది ట్రామా, అంటే మనసుకు తగిలిన గాయం మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల తీరును, ప్రవర్తనను మార్చుకోవడానికి సాయపడే మాటల చికిత్స) లేదా ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాలను ఎదుర్కొనేలా చేసే చికిత్స) పద్ధతిలోని మానసిక చికిత్స. అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు డాక్టరు ఇస్తారు. మెడికల్ షాపులో అడిగి నిద్రకోసం ఆల్ప్రాజోలం తెచ్చి వేయడం మాత్రం దయచేసి చేయకండి. ఈ జబ్బుకు అది మందు కాదు, పైగా అలవాటుగా మారుతుంది. రివ్యూ కోసం వెంటనే ఆ భవనంలోకే తీసుకెళ్లాలని పట్టుబట్టకండి. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం కూడా ఆ చికిత్సలో భాగమే. అప్పటివరకు వేరే క్లినిక్‌లో చూపించినా ఫరవాలేదు. దగ్గరలో ఎవరిని కలవాలో తెలియకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. చావు గురించిన మాటలు ఆయన నోట వస్తే మాత్రం ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లండి.

మీ అమ్మగారి గురించి ఒక్క వాక్యమే రాశారు. పదహారు రోజులు ఐసీయూ బయట ఏ కబురు వస్తుందోనని ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్న మనిషి ఆమె. కుటుంబసభ్యులకూ ఇదే జబ్బు రావచ్చు. నాన్నగారిని డాక్టరుకు చూపించే రోజున ఆమెను తోడుగా మాత్రమే కాదు, ఆమెనూ చూడమని చెప్పి తీసుకెళ్లండి.